కాలేజీ బేస్‌బాల్ నుంచి ఎంఎల్‌బీ డ్రాఫ్ట్ దాకా: ఏ దారి పట్టాలి, ఎక్కడ మలుపు తిరగాలి

జూలై నెల, ఎంఎల్‌బీ డ్రాఫ్ట్ చివరి రోజు మధ్యాహ్నం. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ క్లబ్బులు రౌండ్ల వారీగా, ఒక్కో వంతుకి ఒక్కో కొత్త కుర్రాడి పేరు పిలిచి ఎంచుకునే కార్యక్రమం అది. డల్లాస్ దగ్గర మా అక్కావాళ్ళింట్లో పప్పన్నం చల్లారిపోతోంది. మేనల్లుడి ఫోన్ డైనింగ్ టేబుల్ మధ్యలో పెట్టి ఆరుగురం చుట్టూ కూర్చున్నాం. పదమూడో రౌండ్ నడుస్తుండగా మోగింది. ఒక క్లబ్బు స్కౌటు, అంటే కుర్రాళ్ళ ఆట చూసి క్లబ్బుకి చెప్పే మనిషి, ఒకటే ప్రశ్న: ఎంతకి సంతకం పెడతావు? వాడు తడబడ్డాడు. "మా నాన్నగారితో మాట్లాడి ఐదు నిమిషాల్లో చెబుతాను" అన్నాడు. తిరిగి చేసేసరికి ఆ క్లబ్బు వంతు వచ్చేసింది, వేరే పేరు పిలిచేశారు.

"అంకె ముందే అనుకుని ఉంటే టక్కున చెప్పేవాణ్ణి కదా మామయ్యా" అన్నాడు వాడు నా వైపు చూసి. అంకె ముందే అనుకోవాలన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి ఈ వ్యవస్థను కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళందరినీ అడిగాను. అమెరికాలో పిల్లల్ని బేస్‌బాల్ ఆడిస్తున్న మన ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాళ్ళకి పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెబుతాను. డ్రాఫ్ట్‌లో కుర్రాడి ధర రెండింటి మీద తేలుతుంది. ఒకటి ఆట. రెండోది, సంతకం పెట్టకపోతే వెళ్ళడానికి చేతిలో ఇంకో దారి ఉందా లేదా అన్నది. ఆట సంగతి కోచ్‌లు చూసుకుంటారు. ఆ రెండో దారి మూసుకుపోకుండా చూసుకోవడం మాత్రం ఇంట్లోవాళ్ళ పని. కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా ఆ లెక్కే ఉంటుంది.

1. అర్హత ఎప్పుడొస్తుందో క్యాలెండర్ మీద రాసుకోండి

డ్రాఫ్ట్ 1965లో మొదలైంది. ఆ మొట్టమొదటి పేరే ఒక కాలేజీ కుర్రాడిది: అరిజోనా స్టేట్‌లో ఆడుతున్న రిక్ మండే. 2019 దాకా 40 రౌండ్లు ఉండేవి, కోవిడ్ ఏడాది 5కి కుదించారు, 2021 నుంచి 20. అంటే 30 క్లబ్బులు కలిసి ఏడాదికి ఆరు వందల పైచిలుకు పేర్లు పిలుస్తాయి. వెనకటి రోజుల్లో 62వ రౌండ్‌లో పేరు వచ్చిన మైక్ పియాజా హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్ళాడు. ఇప్పుడు ఆ రౌండ్లే లేవు, తలుపు బాగా ఇరుకైంది.

హైస్కూల్ పూర్తి చేసి ఇంకా కాలేజీలో చేరనివాళ్ళు అర్హులు. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే జూనియర్ ఏడాది, అంటే మూడో ఏడాది, పూర్తయ్యాకే మళ్ళీ వంతు వస్తుంది. లేదా 21 ఏళ్ళు నిండాలి. రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో ఉన్నవాళ్ళకు మాత్రం ప్రతి ఏడాదీ అర్హత ఉంటుంది. ఆటవాళ్ళు దీన్ని జూకో అంటారు.

ఈ 21 ఏళ్ళ నిబంధన చాలామంది గమనించరు. డ్రాఫ్ట్ అయిన 45 రోజుల్లోపు 21వ పుట్టినరోజు వస్తే రెండో ఏడాదిలోనే అర్హత వచ్చేస్తుంది. లూసియానా స్టేట్, అదే ఎల్‌ఎస్‌యూ, ఎడమచేతి పిచర్ (బంతి విసిరేవాడు) కేడ్ ఆండర్సన్‌ది జూలై పుట్టినరోజు. కాలేజీలో రెండేళ్ళే ఆడి 2025లో మూడో పేరుగా సియాటిల్‌కి వెళ్ళాడు. ఇలాంటి కుర్రాడికి బేరంలో బలం ఎక్కువ, ఎందుకంటే కాలేజీలో వాడికి ఇంకా రెండేళ్ళ ఆట మిగిలి ఉంటుంది. వసంతంలో, వేసవిలో పుట్టిన పిల్లలున్నవాళ్ళు, చిన్నప్పుడు బడిలో ఏడాది ఆలస్యంగా వేసినవాళ్ళు, ఈ లెక్క తప్పకుండా చూసుకోండి.

వీసా మాట కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికా పౌరసత్వం లేకపోయినా అక్కడి కాలేజీలో చదువుతుంటే డ్రాఫ్ట్‌లోకి రావచ్చు. 2024లో మొట్టమొదటి పేరు సిడ్నీ కుర్రాడు ట్రావిస్ బజానాది, ఒరెగాన్ స్టేట్ నుంచి వచ్చాడు. అయితే హెచ్-4 మీద పెరిగిన పిల్లలకు 21 నిండగానే ఆ హోదా పోతుంది, ఎఫ్-1కి మారాలి. అంటే జూనియర్ ఏడాది హడావిడి, వీసా హడావిడి ఒకేసారి మీద పడతాయి. పేరు, బొమ్మ వాడుకున్నందుకు కాలేజీ ఆటగాళ్ళకు 2021 నుంచి వస్తున్న ఎన్‌ఐఎల్ డబ్బు ఎఫ్-1 మీదున్న పిల్లలకు చిక్కులు తెస్తుంది. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి.

2. హైస్కూల్ చివర మొదటి మలుపు

నిమ్మల అన్న ఇంటిపేరు 2023 డ్రాఫ్ట్ జాబితాలో చూసి మనవాళ్ళు ఎంత మురిసిపోయారో నాకు తెలుసు. ఫ్లోరిడా కుర్రాడు అర్జున్ నిమ్మల, షార్ట్‌స్టాప్, తల్లిదండ్రులు భారతదేశం నుంచి వలస వెళ్ళినవాళ్ళు. ఫ్లోరిడా స్టేట్‌లో చేరతానని మాటిచ్చి ఉన్నాడు. 17 ఏళ్ళకే టొరంటో క్లబ్బు 20వ పేరుగా పిలిస్తే అటే వెళ్ళాడు. మొదటి రౌండ్‌లో పేరొచ్చినప్పుడు వెళ్ళడం సబబే.

అదే ఏడాది రెండో పేరుగా వెళ్ళిన డిలన్ క్రూస్ కథ వేరు. 2020లో హైస్కూల్ ముగిశాక డ్రాఫ్ట్ నుంచి తనంతట తానే పేరు వెనక్కి తీసుకున్నాడు. ఎల్‌ఎస్‌యూలో మూడేళ్ళు ఆడి 90 లక్షల డాలర్ల బోనస్‌తో (సంతకం పెట్టినందుకు క్లబ్బు ఇచ్చే మొత్తం) బయటికొచ్చాడు. ఆరన్ జడ్జ్‌ని 2010లో 31వ రౌండ్‌లో ఓక్లండ్ పిలిచింది. కాదని ఫ్రెస్నో స్టేట్‌కి వెళ్ళి, 2013లో మొదటి రౌండ్‌లో 32వ పేరుగా యాంకీస్‌కి వెళ్ళాడు.

మా ఇంట్లో అయితే నేనిలా చెబుతాను: పన్ను, సలహాదారు (బేరం విషయంలో దారి చూపే ఏజెంటు) వాటా పోగా మిగిలే బోనస్‌తో జీవితం నిలబడేంత పెద్ద మొత్తం వస్తే వెళ్ళాలి. లేకపోతే కాలేజీ. హైస్కూల్ కుర్రాడికి కాలేజీ సీటే చేతిలో ఉన్న రెండో దారి. అది గట్టిగా ఉంటేనే క్లబ్బు మంచి అంకె చెబుతుంది.

3. ఎలాంటి కాలేజీ?

కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై మెట్టయిన డివిజన్-1లో ఆడాలంటే ముందు చదువు గడప దాటాలి: హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ. మన పిల్లలకు ఇది పెద్ద అడ్డు కాదు. కానీ ఏ కోర్సు లెక్కలోకి వస్తుందో తొమ్మిదో తరగతిలోనే కౌన్సిలర్‌ని అడగాలి. కాలేజీ కోచ్‌లు హైస్కూల్ జూనియర్ ఏడాదికి, అంటే పదకొండో తరగతికి, ముందు ఆగస్టు 1 దాకా పిల్లలతో ఈ విషయాలు మాట్లాడకూడదు. కాబట్టి పదో తరగతిలో ఫోన్ రాలేదని దిగులు పడొద్దు, డబ్బు కట్టి షోకేసుల (స్కౌట్లు, కోచ్‌ల ముందు ఆడి చూపించే మేళాల) చుట్టూ తిరగొద్దు. మేం మొదటి రెండేళ్ళు అలా చాలా తగలేశాం. బంతి వేగం కొలిచే రాడార్ గన్ ముందు గంటకు 80 మైళ్ళతో విసిరే పదిహేనేళ్ళ కుర్రాడికి షోకేసు కంటే నిద్ర, తిండి, బరువులెత్తడం ఎక్కువ మేలు చేస్తాయి.

స్కాలర్‌షిప్ గురించి భ్రమలు వద్దు. ఏళ్ళ తరబడి డివిజన్-1 బేస్‌బాల్ జట్టుకి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ఇరవై ఏడు మందికి ముక్కలు చేసి పంచేవారు. 2025లో కోర్టు ఒప్పందం కుదిరాక, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 34 మందికి మించకూడదన్న నియమం వచ్చింది. డబ్బు పెరిగింది కానీ కుర్చీలు తగ్గాయి. కుర్చీలు తగ్గేసరికి కొత్తగా వచ్చే పద్దెనిమిదేళ్ళవాడి కంటే, బదిలీ మీద వచ్చే ఇరవై ఒకటేళ్ళవాడినే కోచ్‌లు కోరుకుంటున్నారు.

అందుకే జూకోని చిన్నచూపు చూడకండి. మా అక్క మొదట "కమ్యూనిటీ కాలేజీయా? చుట్టాలకి ఏం చెప్పుకుంటాం రా తమ్ముడూ" అంది. బ్రైస్ హార్పర్ హైస్కూల్ మధ్యలోనే పరీక్ష రాసి బయటపడి, సదరన్ నెవాడా కమ్యూనిటీ కాలేజీలో చెక్క బ్యాటుతో ఒక్క సీజన్ ఆడి, 2010లో మొట్టమొదటి పేరుగా వెళ్ళాడు. ఆల్బర్ట్ పుహోల్స్ కాన్సాస్ సిటీలోని మేపుల్ వుడ్స్ కమ్యూనిటీ కాలేజీ నుంచి 13వ రౌండ్‌లో, 402వ పేరుగా వచ్చాడు. ప్రతి జూలైలోనూ అర్హత ఉంటుంది కాబట్టి జూకో కుర్రాడు ఏటా "ఇవ్వకపోతే వెనక్కి వెళ్ళిపోతా" అనగలడు. పైగా ఆడే అవకాశం వెంటనే దొరుకుతుంది. పెద్ద కాలేజీలో బెంచీ మీద కూర్చున్న కుర్రాణ్ణి ఏ స్కౌటూ చూడడు.

చిన్న డివిజన్ల నుంచీ వస్తారు. జోర్డన్ జిమ్మర్‌మన్ స్కాలర్‌షిప్‌లే లేని డివిజన్-3 కాలేజీలో, విస్కాన్సిన్ స్టీవెన్స్ పాయింట్‌లో ఆడి 2007లో రెండో రౌండ్‌లో వెళ్ళాడు. జె.డి. మార్టినెజ్ డివిజన్-2 నోవా సౌత్‌ఈస్టర్న్ నుంచి 2009లో 20వ రౌండ్. చెయ్యో బ్యాటో నిజంగా మాట్లాడితే వినేవాళ్ళు అక్కడికీ వస్తారు.

స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరేవాళ్ళని వాక్-ఆన్ అంటారు. చార్లీ కాండన్ జార్జియా యూనివర్సిటీలో అలా చేరి, మొదటి ఏడాది ఆడకుండా రెడ్‌షర్ట్‌గా ఆగాడు. 2024లో ఒక్క సీజన్‌లో 37 హోమ్ రన్లు కొట్టి, మూడో పేరుగా కొలరాడోకి 92.5 లక్షల డాలర్లకు వెళ్ళాడు. రెడ్‌షర్ట్ అనగానే అవమానం అనుకోకండి. ఒళ్ళు ఎదగడానికి దొరికిన ఏడాది అది.

4. వేసవులు

కాలేజీలో అల్యూమినియం బ్యాటు, ప్రొఫెషనల్స్‌లో చెక్క బ్యాటు. ఆ తేడా ఎవరికి దెబ్బో ఎవరికి వరమో తేలేది వేసవి లీగుల్లోనే. అన్నిటికంటే పేరున్నది మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్. పది జట్లు, పిల్లలు ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో ఉంటారు, టికెట్ ఉండదు, జనం ఇంటినుంచి కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటారు. స్కౌట్లు క్యాచర్ వెనక వరుసగా నిలబడి రాడార్ గన్లు పైకెత్తడం నేను చూశాను. పిచర్ చెయ్యి వెనక్కి వెళ్ళగానే గన్లన్నీ ఒక్కసారే లేస్తాయి. బజానా 2023లో ఇక్కడే ఫాల్‌మత్ జట్టుకి ఆడి లీగ్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. మరుసటి జూలైలో దేశమంతా వాడే మొదటి పేరు.

రెండో ఏడాది తర్వాతి వేసవి అన్నిటికంటే ముఖ్యం. అయితే వసంతంలో తొంభై ఇన్నింగ్స్ విసిరిన పిచర్‌ని వేసవిలోనూ విసరమంటే మోచేతికి ముప్పు. బ్యాటర్ వెళ్ళాలి. పిచర్ మాత్రం లెక్క చూసుకుని ఆగిపోయినా తప్పు లేదు.

5. మారాలనిపిస్తే

మారాలనుకునే ఆటగాళ్ళు పేరు పెట్టుకునే జాబితా, ట్రాన్స్‌ఫర్ పోర్టల్, వచ్చాక కాలేజీ మారడం సులువైంది. పాల్ స్కీన్స్ రెండేళ్ళు ఎయిర్ ఫోర్స్ అకాడమీలో క్యాచర్‌గా, పిచర్‌గా రెండు పనులూ చేశాడు. అక్కడ మూడో ఏడాదిలోకి అడుగుపెడితే సైన్యంలో సేవ చేయాల్సిన బాధ్యత మెడకు పడుతుంది. దానికి ముందే, 2022 వేసవిలో, ఎల్‌ఎస్‌యూకి మారి క్యాచింగ్ వదిలేసి పిచింగ్ మీదే కూర్చున్నాడు. ఆ ఒక్క సీజన్‌లో 209 మంది బ్యాటర్లను స్ట్రైకౌట్ చేశాడు (బంతి తగలనివ్వకుండా అవుట్ చేయడం), జట్టుకి కాలేజీల జాతీయ టైటిల్, కాలేజ్ వరల్డ్ సిరీస్ తెచ్చాడు. 2023లో పిట్స్‌బర్గ్ మొదటి పేరుగా పిలిచి 92 లక్షల డాలర్లు ఇచ్చింది. క్రూస్‌తో కలిపి ఒకే కాలేజీ జట్టు నుంచి మొదటి రెండు పేర్లూ రావడం అదే మొదటిసారి.

దీన్ని చూసి ప్రతి కుర్రాడూ పోర్టల్‌లోకి దూకుతున్నాడు, అది మంచిది కాదు. స్కీన్స్ మారింది ఒక కచ్చితమైన కారణంతో, తనని పిచర్‌గా ఎదిగించే చోటికి. ఇప్పుడున్న చోట ఆడే అవకాశం వస్తూ, కోచ్ శ్రద్ధ పెడుతుంటే కదలకండి. పోర్టల్‌లో పేరు పెట్టాక పాత కాలేజీ ఆ స్కాలర్‌షిప్‌ని అట్టే పెట్టాల్సిన పని లేదు. ఉన్న రెండో దారిని మన చేత్తో మనమే మూసుకున్నట్టవుతుంది.

కొందరికి మారాల్సింది కాలేజీ కాదు, స్థానం. జేకబ్ డిగ్రోమ్ ఫ్లోరిడాలోని స్టెట్సన్‌లో షార్ట్‌స్టాప్. జూనియర్ ఏడాదిలోనే పిచింగ్ మొదలుపెట్టాడు. 2010లో తొమ్మిదో రౌండ్, బోనస్ 95 వేల డాలర్లు. తర్వాత ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డులు రెండు. మీవాడి చెయ్యి బలంగా ఉండి బ్యాటు పలకకపోతే, ఒక్కసారి మౌండ్ (పిచర్ నిలబడి విసిరే దిబ్బ) ఎక్కించి చూడమని కోచ్‌ని అడగండి.

6. జూనియర్ ఏడాది: అంకెలు నేర్చుకోండి

మేం పోగొట్టుకున్నది ఇక్కడే కాబట్టి ఇది నిదానంగా చెబుతాను.

మొదటి పది రౌండ్లలో ప్రతి స్థానానికీ ఒక స్లాట్ విలువ ఉంటుంది, అంటే ఆ స్థానానికి లీగ్ కట్టిన బోనస్ అంకె. 2025లో మొదటి స్థానం విలువ 1,10,75,900 డాలర్లు. కిందికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. ఒక క్లబ్బు స్లాట్లన్నీ కలిపితే దాని పూల్. పూల్ దాటి ఖర్చు పెడితే దాటిన మొత్తం మీద 75 శాతం పన్ను, 5 శాతానికి మించి దాటితే రాబోయే ఏడాది మొదటి రౌండ్ స్థానమే పోతుంది. అందుకని ఒకరికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకొకరికి తగ్గించాలి. మొదటి పదిలో పిలిచినవాడు సంతకం పెట్టకపోతే ఆ స్లాట్ డబ్బు పూల్‌లోంచి మాయమవుతుంది. స్కౌటు ముందే ఫోన్ చేసి "ఎంతకి?" అని అడగడానికి కారణం ఇదే. పదకొండు నుంచి ఇరవై రౌండ్లలో లక్షా యాభై వేల డాలర్ల దాకా పూల్‌ని ముట్టుకోదు. పైన ఇచ్చే ప్రతి డాలరూ పూల్‌లోంచే పోతుంది.

నాలుగో ఏడాది సీనియర్లకు జరిగేది చూడండి. కాలేజీలో ఆట అయిపోయింది, వెనక్కి వెళ్ళే దారి లేదు. అందుకే ఎనిమిది, తొమ్మిది, పది రౌండ్లలో సీనియర్లను పిలిచి కొన్ని వేల డాలర్లకే సంతకం పెట్టించుకుని, మిగిలిన స్లాట్ డబ్బుని పై కుర్రాళ్ళకు మళ్ళిస్తారు. అదే కుర్రాడు, అదే వేగం, ఏడాది తేడాతో ధరలో సున్నాలు రాలిపోతాయి.

కాబట్టి జూన్‌లోనే మూడు అంకెలు కాగితం మీద రాయండి. అడగాల్సిన అంకె. సంతోషంగా ఒప్పుకునే అంకె. దానికి ఒక్క డాలరు తగ్గినా కాలేజీకి వెనక్కి వెళ్ళే అంకె. మూడోది కుర్రాడి నోటినుంచే రావాలి, నాన్న నోటినుంచి కాదు. సలహాదారుడికి ఈ మూడూ తెలియాలి. స్కౌటుకి మాత్రం అతను చెప్పినదే చెప్పాలి, ఇంట్లో తలొక మాటా వద్దు.

అయినా పట్టుదల హద్దు మీరకూడదు. స్టాన్‌ఫర్డ్ పిచర్ మార్క్ అపెల్ 2012లో ఎనిమిదో పేరుగా పిట్స్‌బర్గ్ ఇస్తానన్న 38 లక్షల డాలర్లు కాదన్నాడు. మరుసటి ఏడు సీనియర్‌గా మొదటి పేరై హ్యూస్టన్ నుంచి 63.5 లక్షలు తీసుకున్నాడు. గెలిచిన పందెమే. కానీ ఆ స్థాయి సీనియర్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే.

ఇక ఆరోగ్యం. తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ వాండర్‌బిల్ట్‌లో చేసినది మామూలు ఆట కాదు. 2019లో డ్యూక్ మీద 19 స్ట్రైకౌట్లతో ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. 2021లో పదో పేరుగా న్యూయార్క్ మెట్స్ పిలిచింది, 60 లక్షలకు మాట కుదిరింది. వైద్యపరీక్షల తర్వాత క్లబ్బు వెనక్కి తగ్గింది. డ్రాఫ్ట్‌కి ముందు ఇచ్చే ఎంఆర్‌ఐ పథకంలో అతను చేరలేదు, అందుకని కనీస మొత్తం ఇవ్వాల్సిన బాధ్యత కూడా క్లబ్బుకి లేకపోయింది. భుజానికి సర్జరీ చేయించుకున్నాడు. తర్వాత ఏ క్లబ్బుతోనూ సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్‌లో ట్రై-సిటీ జట్టుకి ఐదు మ్యాచ్‌లు విసిరాడు. 2022లో మూడో పేరుగా టెక్సస్ రేంజర్స్ 52 లక్షలకు తీసుకుంది. 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్ మౌండ్ ఎక్కాడు.

ఇప్పటి నియమం ప్రకారం, పిలుపు వచ్చిన అగ్రశ్రేణి కుర్రాడు ముందస్తు పరీక్షలకు ఒప్పుకుంటే, క్లబ్బు స్లాట్‌లో కనీసం 75 శాతం ఇస్తాననాలి. మీవాడికి ఆ పిలుపు వస్తే నా సలహా, వెళ్ళండి. చేతిలో నొప్పి దాచిపెట్టుకుని ఎవరూ బాగుపడలేదు.

7. పేరు పిలవకపోతే

ఇరవయ్యో రౌండ్ ముగిసిన గంటలోపే ఫోన్లు మళ్ళీ మొదలవుతాయి. డ్రాఫ్ట్ కానివాళ్ళు ఏ క్లబ్బుతోనైనా సంతకం పెట్టవచ్చు, ఆ మొత్తం కూడా లక్షా యాభై వేల దాకా పూల్‌లోకి రాదు. ఇందులో ఒక మేలుంది: క్లబ్బుని ఎంచుకునేది కుర్రాడే. పిచర్లు తక్కువగా ఉన్న, పిచర్లను బాగా తీర్చిదిద్దే క్లబ్బు ఏదో చూసుకోవచ్చు. డారెన్ ఓడే ఫ్లోరిడాలో వాక్-ఆన్, 2006లో ఎవరూ పిలవలేదు. 2015లో మేటి ఆటగాళ్ళను ఎంపిక చేసి ఆడించే ఆల్ స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యాడు.

మావాడూ అలాగే వెళ్ళాడు. ఫోన్ చేజారిన జూలై తర్వాత కాలేజీకి తిరిగి వెళ్ళి సీనియర్ ఏడాది ఆడాడు, మళ్ళీ పేరు రాలేదు. ఆ రాత్రి రెండు క్లబ్బులు అడిగితే తక్కువ డబ్బిచ్చేదాన్నే ఎంచుకున్నాడు. "అక్కడ నా స్లైడర్ గురించి అరగంట మాట్లాడారు మామయ్యా, రెండోవాళ్ళు విమానం టికెట్ గురించి మాట్లాడారు" అన్నాడు.

8. కాంట్రాక్టులో చూడాల్సినది

బోనస్ చూసి మిగతాది చదవకుండా సంతకం పెట్టేస్తారు. మేజర్ లీగ్‌కి కిందుండే మైనర్ లీగ్ మెట్లలో జీతం చిన్నది. 2023 ఒప్పందం ప్రకారం అట్టడుగు కాంప్లెక్స్ లీగ్‌లో ఏడాదికి 19,800 డాలర్లు, అన్నిటికంటే పైదైన ట్రిపుల్-ఏలో 35,800. మధ్యలో సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ మెట్లున్నాయి. మెట్టుకి ఏడాది చొప్పున వేసుకున్నా ఇంటినుంచి కాస్త సాయం కావాలి.

డిగ్రీ మిగిలి ఉంటే ఆ సెమిస్టర్ల ఫీజు క్లబ్బు కట్టేలా కాలేజీ స్కాలర్‌షిప్ పథకాన్ని మొదటి కాంట్రాక్టులోనే రాయించుకోవాలి, తర్వాత అడిగితే ఉండదు. సెమిస్టర్లు ఎన్నో, ఒక్కోదానికి ఎంతో అంకెలతో ఉండాలి. ఆట మానేసిన రెండేళ్ళలోపు చదువు మళ్ళీ మొదలుపెట్టాలన్న షరతు కూడా ఉంటుంది. మావాడికి మెకానికల్ ఇంజనీరింగ్‌లో రెండు సెమిస్టర్లు మిగిలాయి. వాడు సంతకం పెట్టేముందు బావగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క పేరా మూడుసార్లు చదివారు. మూడోసారి వేలు పెట్టి అంకె చూపించి "రెండు అని ఉంది కదా?" అని నన్ను అడిగారు. ఉందన్నాను. అప్పుడు పెన్ను వాడి చేతికిచ్చారు.